లారీ పత్తి

దేవవ్వను చంపింది రాజారాం పటేల్. భీమన్న మేస్త్రీ ఈ మాటకు రుజువులు వెతకలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పడానికి రుజువెందుకు?

బోధన్‌లో షక్కర్‌నగర్ గల్లీ చివర అతని రేకుల షెడ్డు. లారీ బ్రేకులు బాగుచేయడం అతని పని. ఊళ్లో ఐదో తరగతి దాకా చదివి, పదమూడో ఏట స్పానర్ పట్టాడు. ఇప్పుడు యాభై తొమ్మిది. భార్య దేవవ్వ పోయి మూడేళ్లు. ఆ మూడేళ్లలో రాజారాం పటేల్ ఎదురుపడితే మాట్లాడింది లేదు. ఉమ్మి వేయలేదంటే అది మర్యాద కాదు, నోరు ఎండిపోయి.

కథ ఒక లారీతో మొదలైంది. పెద్ద లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, కాలం నాటి మిలిటరీ లారీ. రాజారాం తండ్రి సికింద్రాబాద్ వేలంలో దాన్ని పాడుకొని తెచ్చాడు. నిజాంసాగర్ కాలువ కింది ఊళ్ల నుంచి చెరుకు మోసి మోసి దాని నడుము వంగింది. డెబ్బై ఆరులో ఇంజన్ దించి పని చేసింది భీమన్నే. పొగగొట్టం చుట్టూ తెల్లటి తాడులా ఒకటి చుట్టి ఉండేది. సీటు కింద రేకు డబ్బాలో అదే సరుకు, పింజెలు పింజెలుగా, కొత్తది. పట్టుకుంటే పత్తి. నిప్పులో వేస్తే కాలదు.

మేస్త్రీలకు ఒక కట్టుబాటు ఉంది. బండి నుంచి తీసిన సామాను మేస్త్రీది. యజమాని అడగకూడదు, మేస్త్రీ చెప్పకూడదు. భీమన్న ఆ డబ్బాను సైకిల్ వెనక కట్టుకొని ఇంటికి తెచ్చాడు.

దేవవ్వ బీడీలు చుట్టేది. పొద్దున కూర్చుంటే దీపం పెట్టే దాకా లేవదు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. కింద బండ చల్లదనానికి నడుము పట్టేసేది. భీమన్న ఆ పత్తిని పాత ధోవతి గుడ్డలో నింపి, ఎర్ర దారంతో కుట్టి, ఆమెకు మెత్త చేసి ఇచ్చాడు. దానిమీద ఆమె పద్దెనిమిదేళ్లు కూర్చుంది. రోజూ సాయంత్రం లేచి, తంబాకు దుమ్ము పోవాలని ఆ మెత్తను గడపకేసి టపటపా కొట్టేది.

దగ్గు మొదలైతే ఎవరూ పట్టించుకోలేదు. బీడీలు చుట్టే ఆడది దగ్గకపోతేనే వింత. తంబాకు అన్నారు, గల్లీ అంతా అదే అన్నది. చివరికి హైదరాబాదులో ఒక డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఈమె రాతినార, అదే ఆస్బెస్టాస్, పనిలో ఉండేదా అని అడిగాడు. అదేమిటో భీమన్నకు తెలియలేదు. రాతి నుంచి తీసే నార, తెల్లగా, మెత్తగా ఉంటుంది, కాలదు అని డాక్టర్ చెప్పాడు. భీమన్నకు మెత్త గుర్తొచ్చింది. డాక్టర్ కలం కింద పెట్టి, దాన్ని ఎవరూ ముట్టకుండా సంచిలో కట్టిపెట్టమన్నాడు.

ఆ ఏడు చక్కెర ఫ్యాక్టరీలో గానుగ మొదలైన వారానికే దేవవ్వ పోయింది. రాజారాం పటేల్ పాడె మోయడానికి వస్తే భీమన్న వాకిట్లోనే ఆపాడు. లారీ ఎవరిది? పత్తి ఎవరిది? ఇచ్చిన చెయ్యి ఎవరిది? లెక్క అంతటితో తేలిపోయింది.

తొంభై ఏడు వచ్చింది. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు. నిజామాబాద్ పరేడ్‌లో ఆ లారీని నడిపించమని పెద్దమనుషులు రాజారాంను అడిగారు. పదిహేనేళ్లుగా కొట్టంలో పడి ఉన్న బండి. ఆ కాలపు బ్రేకులు తెలిసినవాడు బోధన్ మొత్తంలో ఒక్కడే. రాజారాం రెండుసార్లు మనిషిని పంపాడు. రెండుసార్లూ ఆ మనిషి తిట్లు మోసుకొని వెళ్లాడు.

జూలైలో ఒకనాడు చాయ్ హోటల్లో భీమన్నకు ఒక మాట చెవిన పడింది. పటేల్ జీతగాళ్లే లారీ విప్పుతున్నారట. గాలి మిషన్‌తో బ్రేకు డ్రమ్ములు ఊదుతుంటే కొట్టమంతా బూడిద లేస్తోందట. పొగగొట్టం పత్తి కోసం గల్లీ ఆడవాళ్లు అప్పుడే జీతగాళ్లను అడిగి పెట్టుకున్నారట, మెత్తలకు బాగుంటుందని.

భీమన్న చాయ్ తాగకుండా లేచాడు.

కొట్టం దగ్గరికి వెళ్లి మొదట గాలి మిషన్ వైరు పీకేశాడు. జీతగాళ్లను బయటికి తోలాడు. రాజారాం పటేల్ ఇంట్లోంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తాడు.

"వచ్చినవా భీమన్నా," అన్నాడు.

"నీ కోసం రాలే. ఒక్కతి సచ్చింది సాలదా? గల్లీ అంతా సావాల్నా?"

భీమన్న షరతులు చెప్పాడు. పొడి చెయ్యి ఒక్కటి కూడా బండి మీద పడకూడదు. ప్రతిదీ నీళ్లతో తడిపాకే విప్పాలి. హైదరాబాద్ నుంచి గాలిని వడకట్టే జాలీ డబ్బాలున్న రబ్బరు మాస్కులు రెండు తెప్పించాలి. ముఖానికి తువ్వాల చుట్టుకుంటే చాలదని డాక్టర్ చెప్పాడు. తీసిన పత్తి, అదే రాతినార కలిసిన బ్రేకు మసి తడిగానే రెండేసి యూరియా సంచుల్లో కట్టాలి. కాలువకు, బావికి దూరంగా, పటేల్ గట్టు భూమిలోనే నిలువెత్తు గొయ్యి తీసి పాతాలి. పాత రంగును పొడిగా గీకకూడదు, అందులో సీసం ఉంటుంది. చీకట్లో ముల్లు మెరిసే మీటర్ల అద్దాలు విప్పకూడదు, ఆ మెరుపు రేడియంది. పనిలో తొడిగిన బట్టలు ఇంటికి పోకూడదు, అవీ గోతిలోకే.

ఆ చివరి షరతు చెప్తూ భీమన్న తన అంగీ వైపు చూసుకున్నాడు. డ్రమ్ముల మసి పట్టిన తన అంగీలన్నీ దేవవ్వే దులిపి, ఉతికేది. ఆ ఆలోచనను అతను అక్కడే తొక్కేశాడు.

"పత్తి సంచులు నువ్వే మోయాలె," అన్నాడు. "జీతగాండ్లు కాదు. నీ చేతులు."

"మోస్త."

"అయినంక గల్లీ ఆడోళ్లందరి ముంగట చెప్పాలె. దేవవ్వ నీ పత్తితోని సచ్చిందని. నీ నోటితోని."

మూడేళ్లుగా భీమన్న బతికింది ఆ ఒక్క మాట కోసమే. అది వింటే తనకు నిద్ర పడుతుందనుకున్నాడు.

రాజారాం పీకేసిన వైరును చుట్టి పక్కన పెట్టాడు. "చెప్త. ఉన్నది ఉన్నట్టు చెప్త," అన్నాడు.

మాస్కులు వచ్చాక నాలుగు రోజులు పని నడిచింది. భీమన్న చక్రాలు విప్పి, డ్రమ్ముల మీద నీళ్లు చిలకరించి, మసిని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ సంచిలోనే వేశాడు. పొగగొట్టం తాడును తడిపి, నానబెట్టి, వేలెడు వేలెడు చొప్పున విప్పాడు. రాజారాం నీళ్లు పోశాడు, సంచులు పట్టాడు, మోశాడు. ఒకసారి కూలబడితే భీమన్న చెయ్యివ్వలేదు.

"లెవ్వు. దేవవ్వ మంచంల నుంచి ఆర్నెల్లు లేవలే. నీకు గడియకే అలసటనా?" అన్నాడు. మాస్కులోంచి ఆ మాట తొర్రలోంచి గుడ్లగూబ అరిచినట్టు వచ్చింది.

రాజారాం లేచాడు. నీళ్లు ఎక్కువ పోస్తే తిట్టాడు, తక్కువ పోస్తే తిట్టాడు భీమన్న. వంద ఎకరాల మనిషి మారు మాట అనలేదు. అతని మౌనం తప్పు ఒప్పుకోవడమే అనుకున్నాడు భీమన్న. దొంగకు నోరెక్కడిది?

ఐదో రోజు పొద్దున గోతి దగ్గరికి గల్లీ ఆడవాళ్లను పిలిపించారు. పది పన్నెండు మంది వచ్చారు. ముందు వరుసలో ముత్తవ్వ నిలబడింది. దేవవ్వ చెల్లెలు, ఆమెదీ బీడీల బతుకే. సంచులన్నీ గోతిలోకి దిగాయి. భీమన్న షెడ్డు అటక మీది నుంచి ఇంకో సంచి తెచ్చాడు. అందులో మెత్త. పైన దట్టమైన ప్లాస్టిక్, లోపల తెల్ల గుడ్డ, ఎర్ర దారం కుట్లు. దాన్ని చివరన వేయాలని పక్కన పెట్టుకున్నాడు.

"ఇగ చెప్పు," అన్నాడు.

రాజారాం స్నానం చేసి వేరే ధోవతి కట్టుకొని వచ్చాడు. ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"దేవవ్వ సచ్చింది నా లారీల పత్తితోనే. గది నిజం," అన్నాడు.

భీమన్న గుండెల్లోంచి బరువు దిగబోయింది. దిగలేదు. రాజారాం ఆగలేదు.

"కని నేను ఇయ్యలే. రామ్‌దాస్ యాదికున్నడా? సిరికొండోడు, మిలిటరీల లారీలు బాగుజేసి వచ్చిండు. గది పీలిస్తె ఊపిరితిత్తులు ఖరాబైతయి, పాతిపెట్టుమని నాకు చెప్పిండు. పాతిపెట్టుమని నేను నీకు చెప్పిన. నువ్వేమన్నవ్ భీమన్నా? తీసిన సామాను మేస్త్రీది, అడిగే హక్కు నీకు లేదు అన్నవ్. పత్తికి భయపడ్డోడు లడాయి ఏం జేసిండు అని నవ్వినవ్."

"అబద్ధం."

"మూడేండ్లు నువ్వు నన్ను హంతకుడన్నవ్. ఆలిని పోగొట్టుకున్నోనితోని ఏం కొట్లాడాలె అని ఊకున్న. నువ్వే చెప్పుమంటివి, చెప్పిన."

"సాక్షి ఎవడు? రామ్‌దాస్ సచ్చిండు. సచ్చినోళ్లను సాక్షం తెస్తున్నవ్."

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"బావా, గా రోజు నీకు సద్ది తెచ్చింది నేనే. పటేలు చెప్పిండు. నువ్వు నవ్వినవ్. నేను ఇన్న."

భీమన్న ఆమె వైపు తిరిగాడు. అడగకూడదని తెలిసే అడిగాడు.

"మీ అక్కకు చెప్పినవా?"

"మెత్త కుట్టిన నాడే చెప్పిన. పారెయ్యవే అన్న." ముత్తవ్వ మెత్త సంచి వైపు చూసింది. "పెండ్లయి పదేండ్లాయె, చేత్తోని నాకు ఒక్కటి తెచ్చియ్యలే ఆయన అన్నది. సూది పట్టరానోడు సూది పట్టి కుట్టిండు, ఎట్ల పారేస్తనే అన్నది. నాతోని ఒట్టేయించుకున్నది, నీకు చెప్పద్దని."

పత్తికి భయపడ్డోడు లడాయి ఏం చేశాడు. ఆ మాట భీమన్నకు గుర్తు లేదు. కానీ అది తన మాటే. అంత ముల్లున్న మాట ఇంకెవరూ కల్పించలేరు. గుర్తున్నది మాత్రం సూది. బొటనవేలికి గుచ్చుకొని రక్తం వస్తే దేవవ్వ నవ్వింది. కుట్టు వంకరపోయిందని అతను విసుక్కుంటే, కూర్చునేది నేను, నీకేం అన్నది.

అతను సంచి తీశాడు. ప్లాస్టిక్ లోంచి వంకర కుట్లు కనిపించాయి. గోతిలోకి వంగి, విసరకుండా, దింపాడు. రాజారాం పార అందుకోబోతే లాక్కున్నాడు. మొత్తం గొయ్యి ఒక్కడే పూడ్చాడు, పైన బండ దొర్లించాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

బ్రేకుల పని సగంలో వదలడం అతనికి రాదు. వారంలో కొత్త లైనర్లు బిగించి లారీని నిలబెట్టాడు. ఆగస్టు పదిహేనున అది నిజామాబాద్‌లో నడిచింది. జనం చప్పట్లు కొట్టారని చెప్పారు. భీమన్న వెళ్లలేదు.

మరునాడు రాజారాం పటేల్ షెడ్డుకు వచ్చాడు. గడపలో నిలబడి, లోపలికి రమ్మనలేదు కాబట్టి అక్కడే ఉండిపోయాడు.

"అంతమంది ముంగట అనకుండా ఉండాల్సింది, భీమన్నా," అన్నాడు.

"లారీ ఆగాల్సిన కాడ ఆగిందా?"

"ఆగింది."

"అయితే నడువు."

రాజారాం వెళ్లిపోయాడు. అతను మంచివాడని తేలినందుకు భీమన్నకు అతనిమీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. హంతకుడిగా ఉన్నప్పుడైనా పనికొచ్చేవాడు.

పొద్దెక్కాక ముత్తవ్వ జొన్నరొట్టెలు తెచ్చింది. గిన్నె పెట్టి, పోకుండా నిలబడింది. భీమన్న ఒక డ్రమ్ము ముందర కూర్చొని దానిమీద నీళ్లు చల్లుతున్నాడు.

"బావా, అక్క ఎన్నడు నిన్ను..."

"ముత్తవ్వా." అతను తల ఎత్తలేదు. "గా ముచ్చట ఈ షెడ్డుల ఇంకొకపారి లేస్తె నీకు నాకు చుట్టరికం లేదు. పటేలుతోని మాట్లాడ. నీతోని మాట్లాడ. పైకి పోయినంక మీ అక్క అడిగినా మాట్లాడ."