మాస్టారి వైపు బ్రేకు

డ్రైవింగు స్కూలు మాస్టారికి కార్ల గురించి తెలియని సంగతంటూ లేదని ఊళ్ళో ఒక్కరికే గట్టి నమ్మకం. ఆ ఒక్కరూ మాస్టారే.

కొంతకాలంగా బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన స్కూలు కారు స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ముందు చక్రాల వెనక తిరిగే ఇనప డిస్కులు అరిగిపోయాయని ఆయన ఇట్టే కనిపెట్టేశారు. షెడ్డుకి తీసుకెళ్తే చిటికెలో అయ్యే పని. కానీ కిందటిసారి షెడ్డు మెకానిక్కు పాత డిస్కుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, పదిమందిలో ఒక మాట అన్నాడు.

"ఏం మాస్టారూ, మీ కారు ఎప్పుడూ కొండ దిగడమేనా, ఎక్కడం లేదా?"

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు గానీ, ఆ మాట మాత్రం మరిచిపోలేదు. అందుకే ఈసారి కొత్త డిస్కులూ, వాటిని ఒరుసుకుని ఆపే ప్యాడ్లూ కొని తెచ్చుకుని, ఫోనులో వీడియో చూసి, ఆదివారం ఇంట్లోనే మార్చేస్తానని ప్రకటించారు. వీడియోలో పని ఉల్లిపాయ ఒలిచినంత సులువుగా ఉంది. చివరి భాగం చూడలేదు. అంతా తెలిసిపోయాక ఇంకా చూడటమెందుకు?

ఆయన భార్య ఆస్పత్రిలో నర్సు. ఆదివారం కూడా డ్యూటీయే. వెళ్తూ వెళ్తూ తల్లితో, "అమ్మా, ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు. కారు కిందకి మాత్రం దూరనివ్వకు," అంది.

అత్తగారు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటూ, తీరిక చిక్కింది కదా అని అల్లుడి దగ్గర కారు నేర్చుకుంటున్నారు. అత్తగారికి స్టీరింగు అప్పగించిన రోజు నుంచీ మాస్టారికి దేవుడి మీద భక్తి పెరిగింది.

మాస్టారు నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి, కారు కింద స్టాండ్లు పెట్టి చక్రం ఊడదీశారు. డిస్కుని రెండువైపులా పట్టి నొక్కే కాలిపర్‌ని విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా తాడుతో వేలాడగట్టారు. అంతవరకూ ఎక్కడా తడుముకోలేదు. ఒకసారి అరుగు వైపు చూశారు కూడా, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

డిస్కు మాత్రం ఊడి రాలేదు. సుత్తితో కొట్టారు. తుప్పు రాలింది, చెమట కారింది, పక్కింటి కిటికీ తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. డిస్కు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"పాత బండి కదండీ అత్తయ్యా, పట్టేసింది. దీనికి బలం కాదు, ఒడుపు కావాలి," అంటూ ఇంకా గట్టిగా కొట్టారు.

"అల్లుడుగారూ, మధ్యలో ఏదో చిన్న స్క్రూ కనిపిస్తోంది. అది తియ్యక్కర్లేదా?"

మాస్టారి సుత్తి గాల్లోనే ఆగిపోయింది. డిస్కుని పట్టి ఉంచే స్క్రూ అది. "దాన్ని చివర్లో తీద్దామని ఉంచానండీ," అన్నారు. తన చెవులకే ఆ మాట ఎబ్బెట్టుగా వినిపించింది. స్క్రూ తీసి రెండు దెబ్బలు వేసేసరికి డిస్కు చేతిలోకి వచ్చేసింది.

అత్తగారు అరుగు దిగి వచ్చి దాన్ని వేలితో తడిమి చూశారు. నిండా గీతలు, అంచున చిన్న గట్టు, అక్కడక్కడా వేడికి కమిలిన నీలపు మచ్చలు.

"ఇంతలా అరిగిపోయిందేం?"

"నేర్చుకునేవాళ్ళు అడ్డదిడ్డంగా తొక్కేస్తారండీ, ఏం చెయ్యమంటారు?"

"నేనెప్పుడూ తొక్కినట్టు గుర్తు లేదే. నా కాలు బ్రేకు దగ్గరికి పోయేలోపే కారు ఆగిపోతుంది."

మాస్టారు కొత్త డిస్కు మీది నూనె తుడవడంలో మునిగిపోయారు. స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది, మాస్టారి కాలికి అందేటట్టు. ఆపద వస్తే వాడటానికి. మాస్టారి లెక్కలో దూరాన కుక్క కనిపించినా ఆపదే, మలుపు కనిపించినా ఆపదే, ఎదురుగా ఏమీ కనిపించకపోతే మరీ ఆపద. "నేనున్నాను, భయపడకండి" అని పైకి నోరు చెబుతుంటుంది. కింద కాలు తన పని తాను చేసుకుపోతుంటుంది.

"టైపు నేర్పేటప్పుడు పిల్లల వేళ్ళ మీద నేనెప్పుడూ వేళ్ళు పెట్టలేదు అల్లుడుగారూ," అన్నారు అత్తగారు, మెల్లగా. "తప్పు కొడితే కొట్టనిచ్చేదాన్ని. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు మిమ్మల్ని తొక్కుడు మాస్టారంటారట, తెలుసా?"

తెలియదు. ఇన్నేళ్ళూ శిష్యులు తనని చూసి గుసగుసలాడుకుంటే గౌరవం అనుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి, తల ఎత్తలేదు. కొత్త ప్యాడ్లు పట్టడానికి, వాటిని ముందుకి తోసే కాలిపర్‌లోని పిస్టన్‌ని వెనక్కి నొక్కి, అన్నీ బిగించి, రెండో చక్రం పని కూడా మౌనంగా ముగించేశారు. రెండోదానికి అరగంట కూడా పట్టలేదు. మాట్లాడకపోతే తన చేతులు ఇంత బాగా పని చేస్తాయని ఆయనకీ అప్పుడే తెలిసింది.

కారు కిందకి దించాక పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామనిపించింది. "రండి అత్తయ్యా, మీరే నడపండి. కొత్త బ్రేకుల మీద మొదటి సవారీ మీదే."

ఇంటి ముందు గచ్చు గేటు వైపు బాగా వాలుగా ఉంటుంది. అత్తగారు ఇంజను వేసి, హ్యాండ్ బ్రేకు దించారు. కారు కదిలింది. అలవాటు ప్రకారం మాస్టారి కాలు ముందే దిగింది.

పెడలు మెత్తగా, వెన్నలోకి దిగినట్టు, అడుగుదాకా దిగిపోయింది. కారు ఆగలేదు.

మాస్టారు రెండో కాలు కూడా వేసి, సీట్లోంచి లేచి పెడలు మీద నిలబడ్డారు. "అయ్యో! అమ్మో! ఆపండి! ఆగదు! ఆపండి!" ఇన్నాళ్ళూ విద్యార్థులకి నేర్పిన ధైర్యవచనాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

అత్తగారు చెయ్యి చాచి హ్యాండ్ బ్రేకు పైకి లాగారు. కారు ఊగి ఆగింది. గేటుకీ బంపరుకీ నడుమ పిల్లి దూరేంత సందు మిగిలింది.

"పెడలు పని చెయ్యకపోతే కంగారు పడకుండా ఇది లాగమని మీరేగా చెప్పారు," అన్నారావిడ.

మాస్టారు సీట్లో కూలబడ్డారు. పిస్టన్లు వెనక్కి నొక్కాక, బండి కదపకముందే, అవి మళ్ళీ ప్యాడ్లని తాకేదాకా పెడల్ని పదేపదే తొక్కాలి. వీడియోలో తాను చూడకుండా ఆపేసిన భాగంలో ఉన్నది అదే అయ్యుంటుంది. అత్తగారిని తొక్కమన్నారు. తొక్కగా తొక్కగా పెడలు గట్టిపడింది.

"మీకు భయం వెయ్యలేదా అత్తయ్యా?"

"వేసింది. కానీ మీరు నాకు బాగానే నేర్పారని నాకు నమ్మకం. ఆ నమ్మకం లేనిది మీకే."

మాస్టారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. చివరికి నవ్వే వచ్చింది. "పోనివ్వండి. రోడ్డు ఖాళీగా ఉంది. మెల్లగా నడుపుతూ, మెల్లమెల్లగా ఆపుతూ ఉంటే కొత్త డిస్కులు కుదురుకుంటాయి," అని, రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కుని బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. మొదటిసారి ఆవిడ ఆపినప్పుడు ఆయన తల ముందుకు ఊగింది. రెండోసారి కొంచెమే. మూడోసారి ఎప్పుడు ఆగిందో తెలియలేదు. స్టీరింగు వణకలేదు.

సాయంత్రం భార్య వచ్చి ఎలా జరిగిందని అడిగితే, అత్తగారు "చక్కగా చేశారు" అని ఊరుకున్నారు. మాస్టారే ఉండబట్టలేక స్క్రూ దగ్గర్నుంచి గేటు దాకా అంతా చెప్పేసుకున్నారు. ఆ "అయ్యో అమ్మో" కూడా అభినయించి చూపించారు. భార్య కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఆ తర్వాత వెళ్ళి గేటు చూసి వచ్చింది.

సోమవారం కొత్తగా చేరిన కుర్రవాడితో బండెక్కినప్పుడు మాస్టారు కాళ్ళు వెనక్కి ముడుచుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. కూడలి దగ్గర ఎర్ర దీపం వెలిగింది. కుర్రవాడు తనంతట తానే, గీతకి కాస్త ముందు, బండి ఆపాడు. ఆపి పక్కకి తిరిగి చూసి కంగారు పడ్డాడు.

"మాస్టారూ, అలా చెమటలు పట్టేశాయేంటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నువ్వు ముందుకు చూడవయ్యా," అన్నారు మాస్టారు.