ఎర్రావు బిడ్డలు

పుట్టిన దూడ కదల్లేదు. షాలేమ్‌రాజు దాని ముక్కులోని జిగురు వేలితో తీసి, వెనక్కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపాడు. ఎండుగడ్డితో ఒళ్లంతా రుద్దాడు. నెలలు నిండిన దూడ. గిట్టలు, వెంట్రుకలు, కనురెప్పలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఊపిరే లేదు. తల్లి చుక్క మాత్రం దాన్ని నాకుతూనే ఉంది.

"ఇగ చాలు తల్లీ, ఇడువు," అన్నాడు. చుక్క వినలేదు.

ఇది మూడోది. పోయిన వానాకాలం ఎర్రావుకు చచ్చిన దూడ పుడితే, ముసలిది కదా, నొప్పులకు తట్టుకోలేకపోయిందనుకున్నాడు. ఎండాకాలంలో మల్లి నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. ఇప్పుడు చుక్క. కొట్టంలో ఉన్నవే ఐదు ఆవులు.

లోపలికి వెళ్లి చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. కూతురు మనోజ్ఞ డాక్టరు సీటు కోచింగ్ కోసం ఖమ్మంలో ఉంది. తోడుగా తల్లి గ్రేస్ అక్కడే గది కిరాయికి తీసుకుని ఉంటోంది. వాళ్లు వెళ్లి ఇది రెండో ఏడు. కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఈ పల్లెలో షాలేమ్‌రాజుకు మిగిలింది ఆవులూ, బ్లాకీ అనే కుక్కా. దాన్ని కూడా మనోజ్ఞే ఇల్లందు బస్టాండులో తడుస్తుంటే చూడలేక కాలేజీ సంచిలో వేసుకుని తెచ్చింది. సాయంత్రం పాలు పితికాక షాలేమ్‌రాజు ఆ రోజు సంగతులన్నీ దానికే చెప్పేవాడు.

ఇంతకుముందు మాట్లాడేందుకు పక్క చేను వెంకటప్పయ్య ఉండేవాడు. మల్లి ఈసుకుపోయినప్పుడు, ఆయన పత్తికి కొట్టిన మందు గట్టు మీది గడ్డికి అంటిందని షాలేమ్‌రాజుకు అనుమానం వచ్చింది. ఆయన్ని అడగలేదు. ఆ గట్టు మీద గడ్డి కోయడం మానేశాడు, ఆయనతో మాట్లాడటమూ మానేశాడు.

ఈసారి మాత్రం మండలంలోని పశువుల దవాఖానాకు ఫోన్ చేశాడు. డాక్టర్ జ్యోత్స్న స్కూటీ మీద వచ్చింది. దూడ కంటే ముందు అతని చేతులు చూసింది.

"గ్లౌజులు లేకుండానే లాగారా?"

"ఎప్పుడూ గట్లనే కదా మేడం."

"ఇకనుంచి వద్దు. ఇలాంటి వాటిలో కొన్ని మనుషులకూ అంటుకుంటాయి. మీకు జ్వరం, కీళ్ల నొప్పులు ఏమైనా ఉన్నాయా?"

"లేవు మేడం. గడ్డి మీద పడ్డ మందుతోనే అయిందంటరా?"

"మందైతే ఐదూ ఒకే గడ్డి తిన్నాయి కదా, మిగతావాటిలోనూ ఏదో ఒకటి కనిపించాలి. బ్రూసెల్లా అనే అంటువ్యాధి కావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు కావచ్చు. దాణాలో సత్తువ లేకపోయినా ఇలా అవుతుంది. రక్తం పరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేను."

ఐదింటి దగ్గరా రక్తం తీసింది. చచ్చిన దూడలో కొంత ముక్క కోసి డబ్బాలో పెట్టుకుంది. వెళ్లబోతూ గడ్డివాము మీద పడుకున్న బ్లాకీని చూసి ఆగింది.

"కుక్క ఎప్పుడూ అక్కడేనా?"

"గదే దాని మంచం."

"పోయినసారి ఈనాక పడ్డ మాయ ఎక్కడ పూడ్చారు?"

షాలేమ్‌రాజు జరిగింది చెప్పాడు. మల్లి మాయను వాగు ఒడ్డున పూడ్చాడు. మర్నాడు బ్లాకీ దాన్ని తవ్వి తింటుంటే కర్ర పుచ్చుకుని తరిమాడు.

"కుక్కల ద్వారా వచ్చేది కూడా ఒకటుంది," అంది జ్యోత్స్న. "మాయ తిన్న కుక్క గడ్డి మీద పెంట వేస్తే, ఆ గడ్డి తిన్న ఆవుకు అంటుకుంటుంది. మీ దగ్గర అదే జరిగిందని అనడం లేదు. రిపోర్టు వచ్చేదాకా దాన్ని గడ్డి దగ్గరికి రానివ్వకండి."

బ్లాకీకి కట్టు అలవాటు లేదు. తాడు కొరికి మళ్లీ వాము ఎక్కేది. గొలుసు వేస్తే గొంతు పోయేలా అరిచేది. ఎర్రావు మళ్లీ సూడితో ఉంది, కడుపులోని దూడకైనా ఏమీ కాకూడదు. చివరికి షాలేమ్‌రాజు బ్లాకీని బండి మీద కూర్చోబెట్టుకుని తండాకు తీసుకెళ్లి, మిరప చేనుకు కాపలా కుక్క కావాలంటున్న హాతీరాంకు అప్పగించాడు. వెనక్కి తిరిగి చూడకుండా బండి తోలుకుంటూ వచ్చేశాడు.

ఆ తర్వాత ఇల్లు మరీ బోసిపోయింది. చెంబు కింద పెట్టినా ఆ చప్పుడు తనకే పెద్దగా వినిపించేది.

ఆదివారం వీడియో కాల్‌లో మనోజ్ఞ అడిగింది. "డాడీ, బ్లాకీని చూపియ్యవా?"

"బయటికి పోయింది బిడ్డా."

తర్వాతి ఆదివారమూ అదే మాట చెప్పాడు. కాసేపటికి గ్రేస్ మేడ మీదికి వెళ్లి విడిగా ఫోన్ చేసింది.

"ఏందయ్యా, ఏమైంది? నీ ముఖం మంచిగ లేదు."

షాలేమ్‌రాజు అంతా చెప్పాడు.

"మూడు దూడలు పోయినంక చెప్తున్నవా? నేను పరాయిదాన్నా?"

"పిల్ల చదువుకుంటుంది కదా అని..."

"శనివారం వస్తా," అంది గ్రేస్.

శనివారం ఇల్లంతా ఊడ్చి, కోడి కోయించి కూర వండాడు. రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. బస్సు ఆగింది. ఎరువు బస్తాతో ఒక ముసలాయన దిగాడు, బస్సు వెళ్లిపోయింది. అప్పుడు ఫోన్ మోగింది. మనోజ్ఞకు జ్వరమట.

"నువ్వు పిల్లను చూసుకో. ఈడ అంతా మంచిగనే ఉంది," అన్నాడు. ఆ కూరే ఆదివారం కూడా తిన్నాడు.

రిపోర్టులు వచ్చాయని జ్యోత్స్న దవాఖానాకు పిలిచింది.

"బ్రూసెల్లా లేదు. ఎలుకల జబ్బూ లేదు. నేను చెప్పిన కుక్కల జబ్బు మూడింటిలో కనబడింది. ఎర్రావు, మల్లి, చుక్క. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి."

"మల్లీ, చుక్కా ఎర్రావు బిడ్డలే మేడం."

జ్యోత్స్న తలెత్తి చూసింది. "ఎర్రావు మీ ఇంట్లో పుట్టిందేనా?"

"కాదు. కొనుక్కొచ్చిన. మల్లి అప్పుడు దాని కడుపుల ఉంది."

"అయితే వచ్చేటప్పుడే తెచ్చుకుని ఉండొచ్చు. తల్లి నుంచి కడుపులోని దూడకు వచ్చేస్తుంది. పైకి ఏమీ కనబడదు. ఒక ఈతలో బతికిన దూడ పుడుతుంది, ఇంకో ఈతలో చచ్చింది పుడుతుంది."

"మరి బ్లాకీ తప్పు లేదా?"

"ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. దీనికి మందు లేదు. పాలు కాచి తాగితే భయం లేదు. కానీ వీటికి పెయ్య, అంటే ఆడదూడ, పుడితే దాన్ని పాడికి నిలుపుకోకండి. కుక్కను తెచ్చుకుంటే తెచ్చుకోండి, గడ్డికీ మాయకూ మాత్రం దూరంగా ఉంచాలి."

అటునుంచి అటే తండాకు వెళ్లాడు. బ్లాకీ బండి చప్పుడు గుర్తుపట్టి మిరప సాళ్ల మధ్య నుంచి ఉరికి వచ్చి అతని మీదికి ఎగిరింది. మోచేతుల దాకా నాకింది. అంతలో చేను చివర ఏదో కదిలితే మొరుగుతూ అటు పరుగెత్తింది.

"తీస్కపో అన్నా, నీదే కదా," అన్నాడు హాతీరాం.

ఇంటికి తీసుకెళ్తే పొద్దస్తమానం గొలుసే.

"వద్దు తమ్మీ. ఈడనే ఉండనియ్. దానికి రాత్రి అన్నంల మజ్జిగ పోస్తే మంచిగ తింటది."

తిరిగి వస్తూ వెంకటప్పయ్య చేను దగ్గర బండి ఆపాడు. పత్తిలో ఎవరో కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. ఆయన చేను కౌలుకిచ్చి మధిరలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడని చెప్పారు. ఎప్పుడు వస్తాడో వాళ్లకు తెలియదు.

ఎర్రావు చలికాలంలో, పొద్దున పూట ఈనింది. షాలేమ్‌రాజు ఈసారి గ్లౌజులు వేసుకున్నాడు. దూడ తల బయటికి వచ్చినప్పుడు చూడాలనిపించక ముఖం తిప్పుకున్నాడు. నేల మీద పడ్డాక అది తుమ్మింది. ఎర్రటి పెయ్య. ఎర్రావు దాన్ని నాకి నాకి నిలబెట్టింది. అది రెండుసార్లు పడి, మూడోసారి పొదుగు అందుకుంది.

మాయ పడేదాకా కొట్టంలోనే కూర్చున్నాడు. నడుము లోతు గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాడు. పైన బండరాళ్లు పేర్చి చేతులు కడుక్కున్నాక జ్యోత్స్నకు ఫోన్ చేశాడు.

"బతికింది మేడం. నిలబడి పాలు తాగుతుంది."

"మంచి మాట చెప్పారు. ఏ దూడ?"

"పెయ్య."

"షాలేమ్‌రాజు గారూ, నేను చెప్పింది..."

"యాదికుంది మేడం. పాడికి నిలుపుకోను. గానీ పాలు మరిచేదాకా ఈడనే ఉంటది కదా?"

"ఉంటుంది. ఉండనివ్వండి," అంది జ్యోత్స్న.

దూడ కడుపు నిండి తల్లి పక్కన ముడుచుకుంది. షాలేమ్‌రాజు ఒక గోనెసంచి దులిపి తెచ్చి దాని మీద కప్పాడు. అది తలెత్తి చూసి, మళ్లీ పడుకుంది.