గోటికి తగలని గరుకు

మా మావయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తను చెక్కిన ఒక ముందుపన్ను క్యాప్‌ను డాక్టరమ్మ మూడోసారి వెనక్కి పంపిందని చెప్పానో లేదో, "కంపెనీవాళ్ళు అచ్చు పొడి మార్చేసి ఉంటారు, వెధవలు!" అని అందుకున్నాడు.

క్యాప్ ఒంటినిండా సన్నటి గుంటలు. మెరుగు పెడితే పోవు, పోయేదాకా అరగదీస్తే క్యాపే మిగలదు.

మాది పళ్ళ క్యాపులు చేసే చిన్న ల్యాబ్. ముందు మైనంతో పన్ను చెక్కుతాం. దాని చుట్టూ అచ్చు పొడి కలిపి పోస్తాం. గట్టిపడ్డాక ఫర్నేసులో పెడితే మైనం కాలిపోయి ఖాళీ మిగులుతుంది. అందులోకి కరిగిన పింగాణీని నొక్కుతాం. మైనంలో ఏముంటే పింగాణీలో అదే వస్తుంది. ఈ ముక్క నాకు నేర్పింది మావయ్యే. పదహారేళ్ళ క్రితం పక్కన కూర్చోబెట్టుకుని, మైనం మీద గోరు ఎలా నడపాలో చూపించాడు. "కళ్ళు మోసం చేస్తాయే, గోరు చెయ్యదు," అనేవాడు. పని చెడగొట్టి పొడి మీదకు నెట్టేవాళ్ళు ఆయనకు దొరికితే అయిపోయినట్టే. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అని అందరి ముందూ కడిగేసేవాడు. ఆ నోటితోనే ఇంకో మాటా అన్నాడు. "నా చేతి లోపంతో పని వెనక్కొచ్చిన రోజు ఈ స్టూలు మీంచి లేచిపోతా."

అనడమంటే చేసేసే మనిషి. అందుకే తప్పు పొడిదే కావాలని వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాను.

కొత్త డబ్బా విప్పాం. గుంటలు మళ్ళీ వచ్చాయి. అచ్చు పొడిలో కలిపే ద్రవాన్ని చుక్కలతో సహా కొలిచాం. బుడగలు లాగే పంపును ఊడదీసి కడిగాం. ఫర్నేసు మెకానిక్‌ని పిలిస్తే గంటసేపు చూసి, "నిక్షేపంలా ఉందండీ," అనేసి పోయాడు. ఒక్కొక్క దొంగా దొరేనని తేలుతుంటే నాకు భయం పట్టుకుంది. మావయ్య మాత్రం హుషారుగా ఇంకో దొంగను వెతుకుతున్నాడు.

ఇక దాటవేయలేక అడిగాను.

"మావయ్యా, అదే పన్ను నువ్వొకటి చెక్కు, నేనొకటి చెక్కుతా. రెండూ ఒకే అచ్చులో పెడదాం."

"పెట్టవే. నీదే గరుగ్గా వస్తుంది, రాసుకో," అని నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం అచ్చు పగలగొట్టి, రెండు క్యాపులనూ శుభ్రం చేశాను. ఒకే పొడి, ఒకే ద్రవం, ఒకే వేడి. నాది నున్నగా ఉంది. ఆయనది ఇసక కాగితం. కడిగి రెండూ ఆయన చేతిలో పెట్టాను.

"ఏదే నాది?"

"నువ్వే చెప్పు."

కళ్ళు మూసుకుని గోరు నడిపాడు. ఒకదాని మీద, రెండోదాని మీద, మళ్ళీ మొదటిదాని మీద. ముప్ఫై ఏళ్ళు వేడి మైనం తాకీ తాకీ మొద్దుబారిన వేళ్ళు అవి. ఆయన గోటి కింద తన క్యాప్ గరగరమనడం ఎదురుగా కూర్చున్న నాకు వినపడుతోంది.

"రెండూ ఒకేలా ఉన్నాయే!" అన్నాడు సంబరంగా.



"అవును మావయ్యా. ఒకేలా ఉన్నాయి."

మావయ్య కళ్ళు తెరిచి నా వైపు చూశాడు.

"మరి ఏడుస్తావెందుకే?"

అప్పటిదాకా ఏడుస్తున్నానని నాకే తెలియదు. మావయ్య క్యాపులు రెండూ బల్ల మీద పెట్టాడు. మైనం కరిగించే దీపం ఆర్పి, తన చెక్కుడు కత్తిని నా సొరుగులో పెట్టాడు.

"చెక్కడం నువ్వు చెక్కు మావయ్యా, నునుపు నేను చేస్తా. ఎవరికీ తెలీదు," అన్నాను.

"నాకు తెలుసు కదే," అని లేచాడు.

రెండు రోజుల తరవాత డాక్టరమ్మ ఫోన్ చేసింది. నా క్యాప్ పేషెంటుకు పెట్టిందట.

"అద్దంలా ఉందమ్మా! పొడిదే తప్పని నాకు ముందే తెలుసు. మీ మావయ్య చెయ్యి చెయ్యే. నేనన్నానని ఆయనకు చెప్పు."

"చెప్తానండీ," అన్నాను.

మావయ్యకు ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్తే, ఏ క్యాప్ పంపావని అడుగుతాడు.