వెర్నెల్ గీసిన గీత

ఆ ఆదివారం పొద్దుటి నుంచి ఆర్లిస్ నిమిషం కుదురుగా కూర్చోలేదు. అక్క ఫ్లోరీన్ పెరట్లో టెంటు కింద చుట్టాలంతా చేరి కాల్చిన పక్కటెముకల మాంసం లాగించేస్తూ ఐసు వేసిన తీపి టీ గడగడా తాగేస్తుంటే, తను ఐసు పెట్టె చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. జార్జియాలో జూలై ఎండంటే మాటలా! నాలుక అట్టముక్కలా ఎండిపోయింది.

కిడ్నీలు రెండూ పోయి ఏడాదిన్నర. వారానికి మూడుసార్లు డయాలిసిస్. రోజుకి ముప్ఫైరెండు ఔన్సుల నీళ్ళే తాగాలి, కాఫీ అయినా సూపైనా అందులోనే. రోడ్లకి తారు పోసే రోజుల్లో గ్యాలన్ డబ్బా మోసుకెళ్ళి మధ్యాహ్నానికే ఖాళీ చేసిన మనిషి! గ్యాలన్‌కి నూట ఇరవై ఎనిమిది ఔన్సులు. అప్పటి ఒక పూట నీళ్ళు ఇప్పుడు నాలుగు రోజులకి సరిపెట్టుకోవాలి. ఆ లెక్క తల్చుకుంటే అతనికి ఏడుపొచ్చేది.

అయినా ఓర్చుకుంటున్నాడు. శుక్రవారం నుంచి సోమవారానికి ఒంట్లో అయిదు పౌండ్లకి మించి నీరు చేరకూడదు. అలా వరసగా మూడు సోమవారాలు గడిపితే కొత్త కిడ్నీ జాబితాకి పేరు పంపుతానని డాక్టరమ్మ మాటిచ్చింది. రెండు సోమవారాలు నెగ్గాడు. మూడోది రేపే.

అతని నీళ్ళ కప్పు భార్య వెర్నెల్ ఒళ్ళో ఉంది. ఎనిమిది ఔన్సుల దగ్గర ఎర్ర గోళ్ళ రంగుతో ఆవిడే గీత గీసింది. రోజుకి అలాంటివి నాలుగు.

"ఏమే, నాలుగోది కూడా ఇచ్చెయ్."

"ఇప్పుడే తాగేస్తే రాత్రి మాత్రలు దేంతో మింగుతావయ్యా? నా నెత్తురుతోనా?"

"నాకా గీత మీదే అనుమానంగా ఉంది. నోరు తడవకముందే కప్పు అయిపోతోంది."

వెర్నెల్ మొహం తిప్పుకుంది. ఫ్లోరీన్ పకపకా నవ్వింది. "ఒరేయ్, నా పెరట్లో నిలబడి పెళ్ళాన్ని దొంగంటావా?"

"అయితే ఇక్కడే తేల్చేద్దాం అక్కా. ఎనిమిది ఔన్సుల కప్పయితే పదహారుకి గ్యాలన్ నిండి తీరాలి."

వెర్నెల్ ఒళ్ళోంచి కప్పు లాక్కుని, ఖాళీ గ్యాలన్ టీ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. కుళాయి నీళ్ళు గీత దాకా పట్టి డబ్బాలో పోయడం మొదలెట్టాడు. చుట్టాలు చుట్టూ మూగి లెక్కపెట్టారు. నీళ్ళు ముక్కు ముందునుంచి పోతుంటే ఎండిన పెదాలు నాక్కున్నాడు. పదమూడు, పధ్నాలుగు, పదిహేను. పదహారో కప్పు పోశాక కూడా నీళ్ళు డబ్బా మెడ దాకా రాలేదు. పదిహేడు పోశాడు, పద్దెనిమిది పోశాడు, ఆ పైన ఇంకాస్త పడితేగానీ నిండలేదు.

"ఏడు ఔన్సులే!" అని అరిచాడు. "ఒక్కో కప్పుకీ ఒక ఔన్సు! రోజుకి అరకప్పు నీళ్ళు నా నోటి దగ్గర కొట్టేశావు కదే!"

వెర్నెల్ లేచి నిలబడింది. "అవును, కొట్టేశాను. నువ్వు ఐసు కొట్టెయ్యట్లేదూ? రోజూ మనింట్లో ఐసు ట్రేలో నాలుగు గుంటలు ఖాళీగా ఉంటాయి. నేనేమన్నా గుడ్డిదాన్నా? ఒక్కో ముక్కా ఒక ఔన్సు నీళ్ళు."

"ఐసు నీళ్ళెలా అవుతుందే? నమిలాను గానీ తాగలేదుగా!"

జనం పగలబడి నవ్వారు. వెర్నెల్ నవ్వలేదు. కప్పు తీసుకుని సగం నింపి అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో నీ అరకప్పు. ఇది నీదే, కాదనను. తాగు. రేపు పేరు పోతే పోనీ. నిన్ను పాతిపెట్టేటప్పుడు వేసుకోడానికి నేను మాత్రం నల్లగౌను కొనను, ఈ పూలగౌనుతోనే వస్తా."

ఆర్లిస్ కప్పు పెదాల దాకా తెచ్చాడు. ఆ చల్లదనానికి ఒళ్ళంతా జలదరించింది. అప్పుడే రెండు సోమవారాలూ గుర్తొచ్చాయి. తన గుండె నిబ్బరంతోనే గట్టెక్కానని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఈ గీత అక్కడ లేకపోతే రెండూ పోయుండేవి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"అక్కా, దీన్ని నా కళ్ళ ముందునుంచి తీసెయ్," అని కప్పు ఫ్లోరీన్‌కి ఇచ్చేశాడు. తర్వాత భార్య వైపు చూడకుండానే గొణిగాడు. "పొద్దుటి నుంచి మీ వదిన ఐసు పెట్టెలోంచి మూడు ముక్కలు తిన్నా. రాత్రి కప్పులో తగ్గించు."

"అయిదు తిన్నావు," అంది వెర్నెల్ కళ్ళు తుడుచుకుంటూ. "మూడు తగ్గిస్తే సరిపోదు."

ఆ రాత్రి నిండు ఎనిమిదిలో అయిదు పోగా మిగిలిన మూడు ఔన్సులతోనే మాత్రలు మింగి, తెల్లవార్లూ మంచం మీద దొర్లాడు. సోమవారం పొద్దున తూకం మీద నిలబడ్డాడు. నర్సు అంకె చూసి, శుక్రవారం కాగితంతో సరిపోల్చి చెప్పింది. "నాలుగు పాయింట్ తొమ్మిది పౌండ్లు పెరిగారు."

డాక్టరమ్మ నవ్వుతూ అతని భుజం తట్టింది. "మూడూ నెగ్గారు ఆర్లిస్‌గారూ. ఈరోజే పేరు పంపుతాను. కొత్త కిడ్నీ వచ్చాక కూడా ఇంతే జాగ్రత్తగా ఉంటారా?"

అద్దం అవతల, వరండా కుర్చీలో వెర్నెల్ చేతిసంచీ గుండెలకి హత్తుకుని ఇటే చూస్తోంది.

"నన్ను నమ్మకండమ్మా," అన్నాడు ఆర్లిస్. "కొలిచేది ఆవిడైతేనే ఇవ్వండి." అంతే, తూకం మీదే నిలబడి భోరున ఏడ్చేశాడు.