ఫ్యాన్ బొమ్మ కింది గడి

"హీటర్ పెట్టుకుని వెళ్ళు, ఏం కాదు" అన్నాడు భర్త, షూ లేసు కట్టుకుంటూ.

వాకిట్లో ఎండ అప్పటికే చురచురమంటోంది. కారు వేడెక్కిపోతోందనీ, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదనీ ఆమె చెప్పడం ఎన్నోసారో ఆమెకే గుర్తులేదు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫ్యాన్ మోటారు కాలిపోయిందట, మార్చాలంటే ఇప్పట్లో కుదరదట. హీటర్ వేస్తే ఇంజన్ వేడంతా కారు లోపలికి వచ్చేస్తుంది, ఇంజన్ చల్లగా ఉంటుంది.

"లోపల పాప ఉంటుందండీ."

"అద్దాలు దించుకో. ఇంజన్ పోతే మళ్ళీ రాదు."

పిల్ల పోతే వస్తుందా అని ఆమె అడగలేదు. నోటిదాకా వచ్చిన మాటల్ని గుటుక్కున మింగడం ఆమెకు కొత్త కాదు.

ఆయన్ని ఆఫీసు బండి వచ్చి తీసుకెళ్తుంది. ఈ కారు పగలంతా ఆమెది, అంటే ఇంటి పనులది. సాయంత్రమైతే ఆయనది, అంటే స్నేహితులది. అత్తగారిని మోకాళ్ళ వ్యాయామానికి రోజు విడిచి రోజు తీసుకెళ్ళాలి. పాపను వదిలి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. పోయిన నెల జ్వరమొచ్చి, ఒళ్ళు బిగుసుకుపోయి, కళ్ళు తేలేసిన పిల్ల. ఒళ్ళు వేడెక్కనివ్వొద్దు, మళ్ళీ ఫిట్స్ రావచ్చు అంది డాక్టరమ్మ. అప్పటినుంచి ఆమె ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేతిని వెనక్కి చాపి పాప నుదురు తడుముతూనే ఉంటుంది. మండుటెండలో కాళ్ళ దగ్గరినుంచి హీటర్ సెగ కొడుతుంటే, నుదుటి వేడి జ్వరానిదో కారుదో చేతికి తెలిసేది కాదు. ముందు సీట్లో అత్తగారు కొంగుతో మెడ తుడుచుకుంటూ, "మేం పొయ్యిల ముందు బతికినవాళ్ళం. ఈమాత్రం వేడికి ఎవరూ కరిగిపోర్లే" అనేది.

ఇంటర్ మధ్యలో మాన్పించి పెళ్ళి చేశారు కాబట్టి ఆమెకేమీ తెలియదన్నది ఆ ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతి, ఆమెతో సహా. అయినా ఒక మధ్యాహ్నం పాప నిద్రపోయాక ఫోన్‌లో వీడియో పెట్టుకుని కారు బానెట్ ఎత్తింది. అందులో మాట్లాడేవాడి ఇంగ్లీషు సగం అర్థం కాలేదు గానీ, చేతులు అర్థమయ్యాయి. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. మోటారు వైరు ఊడిందేమో చూడాలి. గట్టిగానే ఉంది. తర్వాత ఫ్యూజుల పెట్టె. మూత లోపలివైపు చిన్న చిన్న బొమ్మలున్నాయి, ఏ గడి దేనిదో చెప్పడానికి. ఫ్యాన్ బొమ్మ ఉన్న గడి ఖాళీగా ఉంది, పన్ను ఊడిన చోటులా.

"ఏం వెతుకుతున్నావే అందులో?" అంది అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని.

"ఇక్కడ రిలే అని, ఫ్యాన్‌కి కరెంటు పంపే నల్లటి డబ్బీ ఒకటి ఉండాలత్తయ్యా. ఎక్కడో పడిపోయినట్టుంది."

"పడిపోవడమేంటి? హారన్ మోగట్లేదని వాడే పీకి హారన్‌కి పెట్టుకున్నాడుగా. మెకానిక్కు కూడా అక్కర్లేదన్నాడు. చిన్నప్పటినుంచీ అంతే, వాడి బుర్ర పాదరసం."

ఆమె హారన్ గడిలోంచి ఆ డబ్బీ పీకి ఫ్యాన్ గడిలో నొక్కి, ఇంజన్ ఆన్ చేసి కూర్చుంది. ఇంజన్ వేడి చూపే ముల్లు సగానికి పైకి వచ్చిందో లేదో, ఫ్యాన్ బుర్రుమని తిరిగింది.

మోటారు కాలిపోలేదు. ఏదీ కాలిపోలేదు. ముందు బండి కదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఓర్చుకోలేని మనిషికి హారన్ కావాల్సి వచ్చింది, అంతే. ఒకవైపు హారన్‌నీ ఇంకోవైపు వెనక సీట్లో పాపనీ పెట్టి చూసుకున్నాడా, లేక పాప ఆయనకసలు గుర్తే రాలేదా? రెండిట్లో ఏది నయమో ఆమెకు తేలలేదు.

"వాడొచ్చేలోపు తిరిగి పెట్టేయవే అమ్మాయ్" అంది అత్తగారు గొంతు తగ్గించి. "తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. పగలు మనకి చల్లగా ఉంటుంది, సాయంత్రం వాడికి హారనుంటుంది. గొడవెందుకు?"

అలాగే చేసింది. వెళ్ళేముందు పీకి ఫ్యాన్‌కి, వచ్చాక పీకి హారన్‌కి. కొత్తది కొనాలంటే ఆయన్నే డబ్బడగాలి. దేనికో చెబితే, మీరు అబద్ధమాడారని మొహం మీదే చెప్పినట్టవుతుంది. అబద్ధమాడింది ఆయన. దాన్ని దాచే పని మాత్రం ఆమెకొచ్చింది, వంటా అంట్లూ ఉతుకుళ్ళ వరసలో ఇంకొకటి.

ఒక రోజు తిరిగొచ్చేసరికి పొద్దువాలింది. పాప ఆమె భుజం మీద నిద్రపోతోంది. నుదురు చల్లగా ఉంది. పాపను ఒక చేత్తో అదుముకుని, రెండో చేత్తో బానెట్ ఎత్తింది. ఇంజన్ ఆపేసినా ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"మార్చావా? వాడొచ్చే వేళయింది" అంది అత్తగారు లోపలినుంచి.

డబ్బీ మీద వేలు పెట్టింది. చురుక్కుమంది. ఆయన ఒక్కసారే పీకాడు, నేను రోజూ పీకుతున్నాను అనుకుంది. వేలు వెనక్కి తీసుకుని బానెట్ మూసేసింది.

పాపను పడుకోబెట్టి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టే వేళకు ఆయన వచ్చాడు. మంచినీళ్ళు తాగి, తాళాలు తీసుకుని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"హారన్ ఎవరు ముట్టుకున్నారు?"

అత్తగారు తన మోకాళ్ళ వంక చూసుకుంది.

"నేనే. అందులోది తీసి ఫ్యాన్‌కి పెట్టాను. బాగానే తిరుగుతోంది" అంది ఆమె.

"నిన్నెవరు చేయమన్నారు? ఫోన్‌లో నాలుగు వీడియోలు చూస్తే మెకానిక్కువైపోతావా?"

"అవను. మోటారు కాలిపోలేదని మాత్రం తెలిసింది."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు. "సర్లే, ఆ కథంతా తర్వాత. ముందెళ్ళి హారన్‌కి పెట్టు. అవతల వాళ్ళు నాకోసం కూర్చున్నారు."

ఆమె స్టవ్ ఆపి, తడిచేతులు తుడుచుకుంది.

"మీరే తీయండి. ఒక్క నిమిషం ఆగండి, పాపను తీసుకొస్తాను. మీరు తీస్తుంటే ఇద్దరం చూస్తాం."

"పిచ్చెక్కిందా నీకు?"

ఆమె గదిలోకి వెళ్ళి, నిద్రపోతున్న పాపను ఎత్తుకుని, ఆయన పక్కనుంచే బయటికి నడిచి, బానెట్ ఎత్తి నిలబడింది.