బీరువా వెనక గోడ

సముద్రం ఎదురుగా ఉన్న ఆ ఇంటిని చూడగానే చెల్లెలు మనసు పారేసుకుంది. పెళ్ళిళ్ళయ్యాక అక్కాచెల్లెళ్ళు చెరో ఊళ్ళో పడ్డారు, ఫోన్లో తప్ప తీరిగ్గా నాలుగు మాటలాడుకున్నది లేదు. సెలవులకి ఇద్దరికీ కలిపి ఒక ఇల్లుంటే! సగం సగం వేసుకుందామంటే అక్క సరేనంది. "కానీ ముందు ఇల్లంతా చెక్ చేయిద్దాం. తేడా వచ్చిందో, నేను రాను" అని తెగేసి చెప్పింది.

ఆ తేడా చెల్లెలికి తనిఖీకి ముందురోజే కనిపించింది. అమ్మేవాళ్ళ దగ్గర తాళాలు తీసుకుని ఒక్కతే వచ్చి చూస్తే, కింది గదిలో మూల గోడ చెమ్మగిల్లి, రంగు పెచ్చులుగా ఊడుతోంది. అక్క కంట పడకూడదని, అక్కడున్న ఖాళీ బీరువాని భుజంతో నెట్టి నెట్టి అడ్డంగా పెట్టేసింది. కొనేవాళ్ళే లోపం దాచడం ఎక్కడైనా ఉందా? ఉంది, ఇక్కడే!

ఇవాళ ఇళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ టార్చీ, నిచ్చెన, తేమ కొలిచే మీటరూ పట్టుకొచ్చి కుళాయిలు తిప్పాడు, స్విచ్చులు నొక్కాడు. చెల్లెలు వెనకాలే తిరుగుతూ ఇంటి తరఫున వకాల్తా పుచ్చుకుంది.

"ఈ కిటికీ కిర్రుమంటోంది."

"ఉప్పుగాలి కదండీ, కాస్త నూనె వేస్తే నోరు మూసుకుంటుంది."

"నీ నోట్లో కూడా కాస్త వేసుకోవే" అంది అక్క.

బీరువా దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆగాడు. "సామాను మేం జరపమండీ. వెనక గోడ చూడలేదని రాస్తాను."

చెల్లెలు హమ్మయ్య అనుకునేలోపే అక్క గది మధ్యలో నిలబడి సముద్రాన్ని చూసింది. "ఒసేయ్, ఈ గది నాదే. ఈ మోకాళ్ళతో రోజూ మెట్లెక్కలేను. మంచం ఈ మూల వేయిద్దాం. ఈ గాలికి నా ఆయాసం కూడా తగ్గుతుందేమో!"

చెల్లెలికి ఆ చెమ్మ పక్కన అక్క దగ్గుతూ లేచి కూర్చోవడం కళ్ళముందు కదిలింది. ఇల్లు చేజారితే ఇలాంటిది మళ్ళీ దొరుకుతుందా? అయినా వెళ్ళి, పళ్ళు బిగబట్టి బీరువాని ఇవతలికి లాగింది.

"నిన్న నేనే అడ్డం పెట్టానక్కా."

మీటరు ఆనించగానే కీచుమంది. "పైనుంచి నీళ్ళు దిగుతున్నాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

చెల్లెలు తలెత్తలేదు. అక్క గోడనీ, చెల్లెల్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంకా ఏం దాచావే?"

"ఒట్టు, ఇంకేం లేదు."

"నేను దాచాను" అంది అక్క మెల్లిగా. "ఇందాక ఓపిక చేసుకుని పైకెక్కి చూస్తే బాత్రూంలో రెండు టైల్స్ కాలికింద కదిలాయి. ఈ ఇల్లంటే నీకెంత ఇష్టమో చూసి, కాళ్ళు తుడుచుకునే పట్టా వాటిమీదికి జరిపేశా."

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "అమ్మా, ఇంతకీ మీరు కొనేవాళ్ళా, అమ్మేవాళ్ళా?" అంటూ టార్చి పట్టుకుని పైకి పరిగెత్తాడు.

ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. చెల్లెలు భుజం పట్టుకోవడం చూసి అక్క నొక్కసాగింది.

"అమ్మేవాళ్ళు బాగుచేసిస్తే కొందాం. లేదంటే ఇంకోటి వెతుకుదాం."

"నిజంగానా? మళ్ళీ వస్తావా అక్కా?"

"రాక? ఈసారి బీరువా నెట్టాలంటే నన్నూ పిలువు. ఒక్కదానివే నెట్టుకుని భుజం ఎలా చేసుకున్నావో చూడు."