వినీల స్వస్థత కూడిక

"డెబ్బై మంది వస్తారు. చికెన్ పద్దెనిమిది కేజీలు చెప్పాను. అల్లం వెల్లుల్లి ఇప్పుడే నూరి పెట్టేసుకో, రేపు హడావుడి పడకు."

స్కూలు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విడవలేదు నేను. దేనికండీ అని అడిగాను. మా ఆయన డేనియల్ గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "వినీలకి స్వస్థత వచ్చింది కదా. రేపు సాయంత్రం మనింట్లో కృతజ్ఞత కూడిక. మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారి చేత ప్రకటన చేయించాను. నువ్వు సండే స్కూలు పిల్లల దగ్గరున్నావు, వినలేదు."

కడుపున మోసినదాన్ని, ఈ ఆరు నెలలూ భుజాన మోస్తున్నదాన్ని. నా కూతురికి నయమైపోయిందన్న కబురు సంఘంలో అందరికంటే ఆఖరున నాకు తెలిసింది.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ దసరా సెలవులకని హాస్టల్ నుంచి వచ్చింది వినీల. మళ్ళీ వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు గూకేదాకా అలాగే ఉండేది. స్నానం చెయ్యమంటే ఏడ్చేది. "సెల్‌ఫోను రోగం, లాక్కుంటే అదే పోతుంది" అన్నారు ఆయన. లాక్కున్నారు, రోగం పోలేదు. "ఒక్కగానొక్క పిల్లని గారాబం చేశావు, అనుభవించు" అన్నారు మా అత్తగారు రూతమ్మగారు. ఒకరోజు మధ్యాహ్నం తలకి నూనె రాస్తుంటే, ఎవరి గురించో చెబుతున్నట్టు, "నేను లేకపోతే మీకందరికీ హాయిగా ఉంటుంది కదమ్మా" అంది. మర్నాడే దాన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా ఊరినుంచి నరసాపురం, అక్కడ బస్సు మారి మరో రెండు గంటలు. ప్రార్థన చెయ్యలేదా అంటే చేశాను. చేస్తూనే బస్సెక్కాను.

అప్పటినుంచీ ప్రతి నెలా రెండో మంగళవారం నాదే. బస్సులో తెలిసినవాళ్ళు కనబడితే కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాలి, అది ఆయన ఆజ్ఞ. సెలవు చీటీ ఇస్తే మా హెడ్మాస్టరు గారు నలుగురు టీచర్ల ముందూ, "ఆడవాళ్ళతో ఇదే గొడవండి, ఇంటి పనులన్నీ బడి మీదికే" అంటారు. ఆ హెడ్మాస్టరు గారే కొడుక్కి డెంగీ వస్తే పది రోజులు సెలవు పెట్టారు. అప్పుడు మేమంతా ఎంత మంచి తండ్రండీ అనుకున్నాం, నేనూ అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఆసుపత్రిలో కౌన్సెలర్ సుప్రియ గారు పిల్లలతో మాట్లాడాక కుటుంబాలని కూర్చోబెడతారు. గోడమీద కాగితం కూడా అంటించారు, కుటుంబ సమావేశం అని. కుటుంబమంటే పదకొండు మంది తల్లులు, ఒక తాతయ్య. "మందులు సగమేనండి. మిగతా సగం ఇంట్లో మీరు మాట్లాడే మాటల్లో ఉంటుంది. వచ్చేసారి నాన్నగారిని కూడా తీసుకురండి" అని ఆవిడ ప్రతిసారీ చెబుతారు. మేం ప్రతిసారీ తలూపుతాం. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "అక్కడ మా ఆఫీసువాళ్ళెవరైనా చూస్తే? అవన్నీ నువ్వు చూసుకో" అని టీవీ సౌండు పెంచుతారు. ఆ మాట ఇద్దరూ అనుకుంటే పిల్ల గతేమిటి? నేను చూసుకోవాలి కాబట్టి చూసుకున్నాను. అందుకే పిల్ల ఇవాళ అన్నం తింటోంది. ఆ అన్నం చూసే ఆయన స్వస్థత అంటున్నారు.

ఇంకో మాట కూడా ఉంది. దూరం నుంచి ఇన్ని ఊళ్ళవాళ్ళు వస్తున్నారని చూసి సుప్రియ గారు, "ఎవరైనా ఒక హాలు ఇస్తే నెలకోసారి మేమే వస్తామండి" అన్నారు. సంఘ కార్యదర్శి మా ఆయనే, చర్చి హాలు తాళాలు ఆయన జేబులోనే ఉంటాయి. అడిగాను. "దేవుడి హాల్లో పిచ్చోళ్ళ మీటింగా?" అన్నారు. పక్కగదిలో వినీల ఉంది. వినబడిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"మరి మాత్రలో?" అన్నాను, చెప్పులు విడుస్తూ.

"ఇవాళ్టితో ఆపెయ్. ఒక పక్క మాత్రలు మింగుతూ ఇంకో పక్క స్వస్థత అని ఎలా చెబుతాం? అబద్ధ సాక్ష్యం అవుతుంది."

"బాగుందని మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుందని డాక్టరు గారు మరీ మరీ చెప్పారండీ."

"సంఘమంతా ఆమెన్ అంది ఆశా! సంఘం ముందు పలికిన మాట వెనక్కి తీసుకుంటామా? మన పరువేం కాను?"

"విశ్వాసం ఉంచమ్మాయ్" అన్నారు మా అత్తగారు, బీపీ మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతూ. ఆ మాత్ర ఆవిడ చేతికిచ్చేది నేనే. పొద్దున్నే ఆయన షుగరు మాత్ర కాఫీ కప్పు పక్కన పెట్టేదీ నేనే. వాటికి ఏనాడూ అడ్డం రాని విశ్వాసం నా కూతురి మాత్రకే ఎందుకు అడ్డం వచ్చిందో ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు. ఒళ్ళు మండిపోయింది నాకు. అల్లం నూరుతున్నంతసేపూ రోటితో పోట్లాడాను.

పడుకోబోయే ముందు మాత్ర, నీళ్ళు పట్టుకుని వినీల దగ్గర కూర్చున్నాను. రేపు కూడికలో అందరి ముందూ అమ్మగా సాక్ష్యం నన్నే చెప్పమంటున్నారే, ఏం చెప్పమంటావు అని అడిగాను.

"మందులేసుకుంటున్నానని చెప్పమ్మా. ఇంకా పూర్తిగా తగ్గలేదని కూడా చెప్పు. నేను నీతో అన్నవి మాత్రం చెప్పకు, అవి నావి."

"నాన్నగారికి కోపం వస్తుందేమో."

"రానీ. నాకు తగ్గిపోయినట్టు నటించే ఓపిక లేదు" అంది. మాత్ర వేసుకుని నా ఒళ్ళో తల పెట్టుకుంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి, పొద్దున్నుంచీ నాలుగు పొయ్యిల మధ్య తిరిగాను. సాయంత్రం అయిదింటికి వాకిట్లో చాపలు నిండిపోయాయి. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయింది. మసాలా చేతులు కడుక్కుని, చీర మార్చుకునే టైము లేక కొంగు సర్దుకుని వచ్చాను. "రెండు ముక్కలు చెప్పి కూర్చో. ఆసుపత్రి మాటెత్తకు" అని ఆయన గొణిగారు. అయ్యగారు, "తల్లి ఆశాజ్యోతమ్మ సాక్ష్యం చెబుతారు" అన్నారు.

"అందరికీ వందనాలండి" అన్నాను. "మా అమ్మాయికి ఒంట్లో బాగుండక కాదు, మనసు బాగుండక ఆరు నెలలుగా జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. కళ్ళ డాక్టరని మీకు అబద్ధం చెప్పాను, క్షమించండి. ఇంకా పూర్తిగా నయం కాలేదు. మాత్రలు వేసుకుంటోంది. డాక్టరు ఆపమనేదాకా వేసుకుంటుంది."

ఆయన నా కొంగు పట్టి లాగారు. కొంగు విడిపించుకున్నాను.

"అక్కడ మన సంఘంవాళ్ళు ఇంకొందరు కనబడ్డారు నాకు. పేర్లు చెప్పను. ఒకరినొకరు చూసి మొహాలు తిప్పుకున్నాం. ఏ తప్పు చేశామని? అయ్యగారూ, ఆసుపత్రివాళ్ళు నెలకోసారి మన ఊరే వస్తామంటున్నారు. చర్చి హాలు ఇప్పించండి. నా బిడ్డ తినే నాలుగు మెతుకులకి దేవుడికి స్తోత్రం. దాన్ని బస్సెక్కించే బలం ఇచ్చినందుకూ స్తోత్రం."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "హాలు దేవుడిదమ్మా. ఇస్తాం" అన్నారు మెల్లగా. నాకు ఏడుపొచ్చింది. కానీ అయిపోలేదు, ఇంకో మాట మిగిలింది.

"వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్తున్నామండి. ఈసారి వాళ్ళ నాన్నగారు కూడా వస్తున్నారు. సంఘం ముందు మాటిస్తున్నాం."

గుమ్మంలో నుంచుని ఉన్న వినీలే ముందు ఆమెన్ అంది. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, డెబ్బై గొంతులూ అందుకున్నాయి.

మొహం ఎర్రగా చేసుకుని కూర్చున్న ఆయన పక్కన కూర్చుంటూ చెవిలో చెప్పాను.

"ఆరున్నర బస్సండి. మీ సెలవు చీటీ మీరే రాసుకోండి."